శిలీంధ్రాలకు సోకే వైరస్‌లు

శిలీంధ్ర కణాల్లో చేరి అక్కడే వృద్ధి చెందే వైరస్‌లను శిలీంధ్ర వైరస్‌లు లేదా మైకోవైరస్‌లు అంటారు. బూజుల్లోనూ, ఈస్ట్‌లలోనూ, పుట్టగొడుగుల్లోనూ, పంటలకు తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాల్లోనూ ఇవి బయటపడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం తాము చేరిన శిలీంధ్రానికి పైకి కనిపించే హాని ఏదీ చేయవు. కొన్ని మాత్రం దాని పెరుగుదలను కుంటుపరుస్తాయి, రంగును మారుస్తాయి, సిద్ధబీజాల ఉత్పత్తిని తగ్గిస్తాయి, మొక్కలకు తెగులు తెచ్చే శక్తిని హరిస్తాయి. ఇంకొన్ని అతిథేయికి మేలు చేస్తాయి. తెగులు శిలీంధ్రాన్ని బలహీనపరిచే వైరస్‌లకు పంట రక్షణలో ప్రత్యేక స్థానం ఉంది. ఐరోపాలో చెస్ట్‌నట్ చెట్లను కాపాడింది అలాంటి వైరసే. చెరకు ఎర్ర కుళ్ళు, వరి అగ్గి తెగులు, పాముపొడ తెగులు వంటి శిలీంధ్ర వ్యాధులతో ఏటా పోరాడే అనకాపల్లి ప్రాంతానికి, మొత్తం తెలుగు నేలకు ఈ విషయం దగ్గరిది.

అనకాపల్లి నేపథ్యం: ఎర్ర కుళ్ళు తెగులు

శారదా నది పరీవాహకంలోని అనకాపల్లి, చోడవరం ప్రాంతాలకు చెరకు, బెల్లం తరతరాల జీవనాధారం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని అతి పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. 1913లో ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంగా కొనసాగుతోంది. విశ్వామిత్రగా పేరొందిన 87ఎ298 వంటి చెరకు రకాలు ఇక్కడే రూపుదిద్దుకున్నాయి.

ఇక్కడి చెరకు పరిశోధనకు మొదటినుంచీ ప్రధాన ప్రత్యర్థి ఒక శిలీంధ్రం. దాని శాస్త్రీయ నామం కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. దీన్ని 1893లో జావాలో వెంట్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. మన దేశంలో 1901లో సి.ఎ. బార్బర్ గోదావరి డెల్టా చెరకు తోటల్లో ఈ తెగులును గుర్తించాడు. దాని తాకిడికి పరిష్కారం వెతకడానికే 1902లో సామర్లకోటలో చెరకు ప్రయోగ క్షేత్రాన్ని నెలకొల్పారు. 1906లో ఇ.జె. బట్లర్ ఈ తెగులుకు ‘రెడ్ రాట్’ అని పేరు పెట్టాడు. మన రైతులు దాన్ని ఎర్ర కుళ్ళు అంటారు.

తెగులు సోకిన దుబ్బులో ముందుగా మొవ్వు కింది మూడో, నాలుగో ఆకు పసుపు రంగుకు తిరిగి ఎండుతుంది. గడను నిలువునా చీలిస్తే లోపలి కండ ఎర్రబారి ఉంటుంది. ఆ ఎరుపును అడ్డంగా కోస్తూ అక్కడక్కడ తెల్లని మచ్చలు కనిపిస్తాయి. ఈ తెల్ల మచ్చలే ఎర్ర కుళ్ళుకు ఖచ్చితమైన గుర్తు. చీల్చిన గడ నుంచి పుల్లటి సారా వాసన వస్తుంది. గడలోని చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారుతుంది కాబట్టి అలాంటి రసంతో వండిన పాకం సరిగా దిమ్మ కట్టదు. ముచ్చెల, అంటే నాటే గడ ముక్కల ద్వారా తెగులు కొత్త తోటకు వెళ్తుంది. వాననీరు, సాగునీరు సిద్ధబీజాలను పక్క దుబ్బులకు మోసుకుపోతాయి. నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెంచే కార్శి తోటల్లో బెడద మరింత ముదురుతుంది.

గడలోపల దాగిన శిలీంధ్రాన్ని మందు చల్లి చంపడం సాధ్యపడదు. అందుకే తెగులును తట్టుకునే రకాల మీదే ఆధారపడాల్సి వస్తోంది. అయితే శిలీంధ్రం కూడా మారుతుంది. ఒకప్పుడు కోస్తాలో విరివిగా సాగైన కో 997 ఎర్ర కుళ్ళుకు తట్టుకోలేకపోయింది. ఇటీవలి కాలంలో ఉత్తరప్రదేశ్‌లో లక్షల హెక్టార్లకు విస్తరించిన కో 0238 రకానిదీ అదే గతి. కొత్త రకం రావడం, కొన్నేళ్లకు దాన్ని ఛేదించే కొత్త తెగ పుట్టడం చెరకు చరిత్రలో మళ్లీ మళ్లీ జరుగుతోంది. శిలీంధ్రానికే జబ్బు చేయించే వైరస్‌ల మీద ఆసక్తి పెరగడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

ఆవిష్కరణ చరిత్ర

శిలీంధ్రాలకు వైరస్‌లు సోకుతాయన్న సంగతి మొదట పుట్టగొడుగుల షెడ్లలో తెలిసింది. 1940ల చివర్లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లా ఫ్రాన్స్ సోదరుల పెంపకశాలలో బటన్ పుట్టగొడుగులు వింతగా పెరిగాయి. కాడలు సాగిపోయాయి, గొడుగులు చిన్నవై వంకర తిరిగాయి, దిగుబడి పడిపోయింది. ఆ జబ్బుకు లా ఫ్రాన్స్ వ్యాధి అనే పేరు స్థిరపడింది. 1962లో ఇంగ్లండ్‌లో హోలింగ్స్ అనే శాస్త్రవేత్త జబ్బుపడ్డ పుట్టగొడుగుల్లో వైరస్ కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూపించాడు. శిలీంధ్ర వైరస్‌ల అధ్యయనానికి ఆ సంవత్సరమే ఆరంభం.

రెండో దారి ఔషధ పరిశోధన నుంచి వచ్చింది. పెనిసిలియం బూజుల నుంచి తీసిన హెలెనిన్, స్టాటోలాన్ అనే పదార్థాలు జంతువుల్లో వైరస్ వ్యాధులను అడ్డుకుంటున్నట్లు తేలింది. 1967, 1968 ప్రాంతాల్లో జరిగిన పరిశోధనలు అసలు కారణాన్ని వెలికితీశాయి. పనిచేస్తున్నది బూజు కాదు, ఆ బూజులో ఉన్న వైరస్ తాలూకు ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ. అది జంతు కణాలను ఇంటర్‌ఫెరాన్ తయారు చేసేలా ప్రేరేపిస్తోంది. పైకి ఆరోగ్యంగా కనిపించే బూజులోనూ వైరస్ ఉండవచ్చని దీనితో స్పష్టమైంది. అప్పటినుంచి వెతికిన చోటల్లా శిలీంధ్ర వైరస్‌లు దొరుకుతూ వచ్చాయి.

నిర్మాణం, వర్గాలు

తెలిసిన శిలీంధ్ర వైరస్‌లలో అత్యధికం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. టోటివైరస్‌లు, పార్టిటివైరస్‌లు, క్రైసోవైరస్‌లు ద్విపోచ ఆర్‌ఎన్‌ఏను గుండ్రని ప్రోటీన్ తొడుగులో దాచుకుంటాయి. హైపోవైరస్‌లకు ప్రోటీన్ తొడుగే లేదు. అతిథేయి కణంలోని పొరలతో ఏర్పడిన చిన్న సంచుల్లో అవి ఉంటాయి. మైటోవైరస్‌లు ఇంకా సరళమైనవి. ఒకే ఒక ప్రోటీన్‌కు, అంటే తమ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసే ఎంజైముకు మాత్రమే సంకేతం మోస్తూ శిలీంధ్రపు మైటోకాండ్రియాల్లో బతుకుతాయి. డీఎన్‌ఏ శిలీంధ్ర వైరస్‌లు అరుదు. మొదటి ఏకపోచ డీఎన్‌ఏ శిలీంధ్ర వైరస్‌ను 2010లో చైనా శాస్త్రవేత్తలు స్క్లెరోటీనియా అనే తెగులు శిలీంధ్రంలో కనుగొన్నారు.

కొన్ని వైరస్‌లు జంటగా బతుకుతాయి. జపాన్‌లో పండ్ల చెట్ల వేర్లకు కుళ్ళు తెచ్చే రోసెల్లీనియా శిలీంధ్రంలో 2016లో అలాంటి జంటను వర్ణించారు. సొంత తొడుగు లేని ఒక వైరస్, తనతోపాటు ఉన్న మరో వైరస్ తొడుగును అరువు తెచ్చుకుని అందులో వృద్ధి చెందుతోంది. ఒకే శిలీంధ్రంలో అనేక వైరస్‌లు కలిసి కాపురం చేయడం సాధారణం.

వ్యాప్తి

జంతు వైరస్‌లలో చాలా భాగం కణం నుంచి బయటపడి, గాలి, నీరు, స్పర్శల ద్వారా మరో జీవిని చేరుతాయి. శిలీంధ్ర వైరస్‌లలో అధికభాగానికి ఆ దశ లేదు. అవి కణం దాటి బయటకు రావు. వాటికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి.

మొదటిది సిద్ధబీజాలు. తల్లి శిలీంధ్రంలోని వైరస్ కొనీడియాల, అంటే అలైంగిక సిద్ధబీజాల ద్వారా పిల్ల శిలీంధ్రాలకు చేరుతుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో పుట్టే బీజాల్లోకి మాత్రం చాలా వైరస్‌లు వెళ్లలేవు. రెండోది తంతువుల కలయిక. ఒకే జాతికి చెందిన రెండు శిలీంధ్రాల తంతువులు ఎదురైనప్పుడు అవి కలిసిపోయి జీవద్రవ్యాన్ని పంచుకుంటాయి. వైరస్ ఆ దారిన అవతలి శిలీంధ్రంలోకి వెళ్తుంది.

ఈ రెండో దారికి కాపలా ఉంది. శిలీంధ్రాలు తమ తెగను గుర్తుపడతాయి. జన్యుపరంగా పొసగని రెండు తెగల తంతువులు కలిస్తే, కలిసిన చోట కణాలు చనిపోయి దారి మూసుకుపోతుంది. దీన్ని శాకీయ అననుకూలత అంటారు. ఒక ప్రాంతంలో తెగులు శిలీంధ్రపు అనుకూల సమూహాలు, అంటే తమలో తాము పొసగే తెగల గుంపులు, కొన్నే ఉంటే వైరస్ వేగంగా పాకుతుంది, ఎక్కువగా ఉంటే మధ్యలోనే ఆగిపోతుంది. వైరస్‌తో తెగులును అదుపు చేయగలమా లేదా అన్నది చాలావరకు ఈ లక్షణం మీద ఆధారపడి ఉంటుంది.

ఈ సాధారణ సూత్రానికి మినహాయింపులూ బయటపడ్డాయి. స్క్లెరోటీనియా డీఎన్‌ఏ వైరస్ బయటినుంచి నేరుగా తంతువుల్లోకి ప్రవేశించగలదని 2013లో రుజువైంది. శిలీంధ్రాన్ని తినే ఒక చిన్న ఈగ దాన్ని మోసుకుపోతుందని 2016లో తెలిసింది. దోస మొజాయిక్ వైరస్ మొక్కలకు సోకేది. అది పొలంలో రైజోక్టోనియా సొలానీ అనే శిలీంధ్రంలోకి చేరిందని, అక్కడినుంచి తిరిగి మొక్కకు వెళ్లగలదని 2017లో వెల్లడైంది. వరి పాముపొడ తెగులుకు కారణం ఈ రైజోక్టోనియా సొలానీయే.

అతిథేయిపై ప్రభావాలు

మౌన సహజీవనం. ఎక్కువ శిలీంధ్ర వైరస్‌లు ఏ లక్షణమూ చూపవు. దీనికి కారణం వాటి బతుకుతీరులోనే ఉంది. బయటకు వెళ్లే దారి లేని వైరస్‌కు అతిథేయి క్షేమమే తన క్షేమం. అతిథేయిని చంపే వైరస్ దానితోపాటే నశిస్తుంది. తరాల తరబడి కలిసి బతికిన జంటల్లో హాని క్రమంగా తగ్గిపోవడం సహజం.

బలహీనత. కొన్ని వైరస్‌లు శిలీంధ్రపు రోగకారక శక్తిని తగ్గిస్తాయి. దీన్ని అల్పతీవ్రత అంటారు. శిలీంధ్రం నెమ్మదిగా పెరుగుతుంది, వర్ణకాలు తగ్గుతాయి, సిద్ధబీజాలు తగ్గుతాయి, మొక్క కణజాలాన్ని ఛేదించే ఎంజైములు, సంకేత వ్యవస్థలు దెబ్బతింటాయి. పంట రక్షణకు పనికొచ్చేవి ఈ వైరస్‌లే.

బలం. కొన్ని సందర్భాల్లో వైరస్ అతిథేయిని మరింత ప్రమాదకరంగా మారుస్తుంది. ఆగ్నేయాసియాలో, మన మణిపూర్‌లో రోగనిరోధక శక్తి తగ్గిన వారికి తీవ్ర జ్వరం తెచ్చే టాలరోమైసిస్ మార్నెఫై శిలీంధ్రంలో ఒక పార్టిటివైరస్ ఉంటే, ప్రయోగశాలలోని ఎలుకల్లో ఆ శిలీంధ్రం మరింత ప్రాణాంతకంగా మారిందని 2018లో తేలింది.

విష ఆయుధం. 1963లో బెవాన్, మాకోవర్ అనే శాస్త్రవేత్తలు కొన్ని ఈస్ట్ తెగలు పక్కనున్న ఈస్ట్‌లను చంపుతున్నట్లు గమనించారు. ఆ విషం తయారీకి కావలసిన సంకేతం ఈస్ట్ జన్యువుల్లో లేదు. ఎల్-ఎ అనే టోటివైరస్‌ను ఆసరా చేసుకుని బతికే ఒక ఉపగ్రహ ఆర్‌ఎన్‌ఏలో ఉంది. కె1 అనే విషం ఎదుటి ఈస్ట్ కణత్వచంలో రంధ్రాలు చేస్తుంది. విషం తయారు చేసే ఈస్ట్‌కు మాత్రం దాన్నుంచి రక్షణ ఉంటుంది. వైరస్‌ను పోగొట్టుకున్న మరుక్షణం ఆయుధమూ పోతుంది, కవచమూ పోతుంది. మొక్కజొన్న కాటుక తెగులు శిలీంధ్రంలోనూ ఇలాంటి విషాలున్నాయి. వాటిలో కేపీ4 అనే విషం తాలూకు జన్యువును గోధుమలో చేర్చి బంట్ తెగులును తట్టుకునేలా చేసే ప్రయోగాలు స్విట్జర్లాండ్‌లో జరిగాయి. అనకాపల్లి చెరకులో కొరడా లాంటి నల్లటి మొవ్వుతో కనిపించే కాటుక తెగులు శిలీంధ్రం కూడా ఆ మొక్కజొన్న శిలీంధ్రపు దగ్గరి బంధువే.

ముగ్గురి పొత్తు. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో భూగర్భ వేడికి కాగే నేలల్లో ఒక గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డిలో కర్వ్యులేరియా అనే శిలీంధ్రం ఉంటేనే అది వేడిని తట్టుకుంటుంది. 2007లో మార్కెజ్, రూసింక్ బృందం ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. ఆ శిలీంధ్రంలో ఒక వైరస్ ఉందని, దాన్ని తొలగిస్తే గడ్డి 65 డిగ్రీల సెల్సియస్ నేల వేడికి నిలవలేకపోయిందని, వైరస్‌ను తిరిగి ఎక్కిస్తే మళ్లీ నిలిచిందని చూపించింది. టమాటాలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. వైరస్ అంటే రోగం అనే భావనను ఈ ప్రయోగం సరిదిద్దింది.

శిలీంధ్రపు ఆత్మరక్షణ

శిలీంధ్రాలు చేతులు ముడుచుకుని కూర్చోవు. ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ కనిపించగానే డైసర్ అనే ఎంజైము దాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలను ఆనవాలుగా పట్టుకుని మిగతా వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణం వెతికి నాశనం చేస్తుంది. దీన్నే ఆర్‌ఎన్‌ఏ నిశ్శబ్దీకరణ అంటారు. చెస్ట్‌నట్ చెట్లకు తెగులు తెచ్చే శిలీంధ్రంలో ఈ డైసర్ జన్యువును తొలగిస్తే వైరస్ సోకిన శిలీంధ్రం తీవ్రంగా కుంగిపోయింది. వైరస్‌లు కూడా ఎదురుదెబ్బ తీస్తాయి. ఆ శిలీంధ్రంలోని హైపోవైరస్ పి29 అనే ప్రోటీన్‌తో ఈ రక్షణను అణచివేస్తుంది. వైరస్ సోకిన శిలీంధ్రం ఎంత జబ్బుపడుతుందన్నది ఈ రెండు పక్షాల బలాబలాల మీద ఆధారపడి ఉంటుంది.

చెస్ట్‌నట్ చెట్ల కథ

అల్పతీవ్రతకు ప్రపంచంలోనే అత్యంత లోతుగా పరిశోధించిన ఉదాహరణ చెస్ట్‌నట్ బ్లైట్ అనే తెగులు. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో హెర్మన్ మెర్కెల్ చెస్ట్‌నట్ చెట్ల బెరడు మీద కొత్త పుండ్లను గమనించాడు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన క్రైఫోనెక్ట్రియా పారాసిటికా అనే శిలీంధ్రం దానికి కారణం. బెరడు కింద అల్లుకుపోయి కొమ్మకు నీరు, ఆహారం అందకుండా చేస్తుంది. సుమారు 50 ఏళ్లలో తూర్పు అమెరికా అడవుల్లోని 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయి.

1938లో ఆ తెగులు ఇటలీలోని జెనోవా చేరింది. ఐరోపాకూ అదే గతి పడుతుందని అందరూ భయపడ్డారు. 1950ల ఆరంభంలో ఇటలీ శాస్త్రవేత్త ఆంటోనియో బిరాగీ కొన్ని చెట్ల పుండ్లు వాటంతటవే మానుతున్నట్లు చూశాడు. 1960లలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ గ్రాంత్ ఆ పుండ్ల నుంచి శిలీంధ్రాన్ని వేరు చేసి పెంచాడు. మామూలు శిలీంధ్రం పళ్లెంలో నారింజ రంగులో పెరుగుతుంది, ఇది మాత్రం తెల్లగా పెరిగింది. బెరడును లోతుగా తొలచలేక పైపైనే ఆగింది. తెల్లదాన్ని నారింజ రంగుదాని పక్కన పెంచితే రెండోది కూడా తెల్లబడింది, బలహీనమైంది. అంటే ఆ బలహీనత ఒకదాన్నుంచి మరొకదానికి అంటుకుంటోంది. 1977లో అమెరికా శాస్త్రవేత్తలు బలహీన తెగల్లో ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ ఉందని చూపారు. 1992లో చోయ్, నస్ అనే శాస్త్రవేత్తలు ఆ వైరస్ జన్యుపదార్థపు డీఎన్‌ఏ నకలును ఆరోగ్యమైన శిలీంధ్రంలో చేర్చి బలహీనత అంతా వైరస్ వల్లేనని సందేహాతీతంగా రుజువు చేశారు. ఆ వైరసే క్రైఫోనెక్ట్రియా హైపోవైరస్-1.

ఐరోపాలో పుండ్ల చుట్టూ బెరడుకు చిన్న రంధ్రాలు చేసి, వైరస్ ఉన్న శిలీంధ్రాన్ని నింపే పద్ధతి అమలైంది. చాలాచోట్ల వైరస్ తనంతట తానుగానూ పాకింది. చెట్లు నిలిచాయి. అదే వైరస్‌ను అమెరికాలో విడుదల చేస్తే ఆ స్థాయి ఫలితం రాలేదు. అక్కడి శిలీంధ్రంలో అనుకూల సమూహాలు చాలా ఎక్కువ కావడం ప్రధాన కారణాల్లో ఒకటి. ఐరోపా సంతతిలో తక్కువ సమూహాలుండటం వల్ల వైరస్‌కు దారులు తెరుచుకున్నాయి. 2016లో జాంగ్, నస్ ఈ అడ్డంకికి పరిష్కారం చూపారు. అననుకూలతకు కారణమైన జన్యువులను తీసేసి, ఏ తెగకైనా వైరస్‌ను అందించగల దాత శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో రూపొందించారు.

ఇతర పంట తెగుళ్లలో

స్క్లెరోటీనియా. ఆవాలు, పొద్దుతిరుగుడు మొదలుకొని 400కు పైగా మొక్కజాతులకు కుళ్ళు తెచ్చే శిలీంధ్రమిది. 2010లో దొరికిన డీఎన్‌ఏ వైరస్ దాన్ని దాదాపు నిర్వీర్యం చేస్తుంది. అంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి 2020లో తెలిసింది. వైరస్ సోకిన ఆ శిలీంధ్రం నూనెగింజల ఆవ మొక్కలోనే హాని చేయకుండా లోపల బతికే ఎండోఫైట్‌గా స్థిరపడి, దాని రోగనిరోధక శక్తిని పెంచుతోంది. పంటను చంపే శత్రువు పంటకు అండగా మారింది.

అగ్గి తెగులు. వరి అగ్గి తెగులు శిలీంధ్రంలో ఒక క్రైసోవైరస్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2010లో వర్ణించారు. అది శిలీంధ్రపు పెరుగుదలను తగ్గిస్తుంది, రంగును మారుస్తుంది. అయితే 2018 నాటి అధ్యయనంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. వైరస్ వల్ల శిలీంధ్రపు తీవ్రత తగ్గడంతోపాటు అది ఏ వరి రకాలకు సోకుతుందన్న స్వభావమూ మారింది. ఒక రకానికి మేలు చేసే వైరస్ మరో రకానికి ముప్పు తేవచ్చు. పొలంలో వాడే ముందు స్థానిక రకాలన్నిటి మీదా పరీక్షించడం తప్పనిసరి.

కొల్లెటోట్రైకమ్. ఎర్ర కుళ్ళు కలిగించే ప్రజాతి ఇదే. మిరపలో కాయకుళ్ళు, మామిడిలో ఆంత్రక్నోస్ తెచ్చే శిలీంధ్రాలూ ఈ ప్రజాతిలోనివే. 2017లో చైనాలో తేయాకు మొక్కలకు సోకే కొల్లెటోట్రైకమ్ జాతిలో దారంలా పొడవైన ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ వైరస్ దొరికింది. అది అతిథేయి తీవ్రతను తగ్గిస్తోంది. ఎర్ర కుళ్ళు శిలీంధ్రపు దగ్గరి బంధువుల్లో అల్పతీవ్రత తెచ్చే వైరస్‌లున్నాయని ఇది నిరూపించింది.

పుట్టగొడుగుల పెంపకంలో

ఇక్కడ శిలీంధ్రమే పంట కాబట్టి వైరస్ శత్రువు. లా ఫ్రాన్స్ వ్యాధి, 1996 నుంచి బ్రిటన్‌లో బటన్ పుట్టగొడుగులను గోధుమ రంగుకు తిప్పిన వైరస్ ఎక్స్ వ్యాధి ప్రసిద్ధమైనవి. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లోనూ వైరస్‌లు ఉన్నాయి. పుట్టగొడుగుల విత్తనం నిజానికి ధాన్యం గింజల మీద పెంచిన శిలీంధ్రజాలమే. తల్లి శిలీంధ్రంలో వైరస్ ఉంటే ప్రతి విత్తన సంచిలోకీ అది వెళ్తుంది. విచ్చుకున్న గొడుగుల నుంచి రాలే సిద్ధబీజాలు దాన్ని షెడ్డంతా పరుస్తాయి. అందుకే గొడుగు విచ్చకముందే కోయడం, షెడ్డులోకి వచ్చే గాలిని వడకట్టడం, పంట ముగిశాక ఆవిరితో శుద్ధి చేయడం, నమ్మకమైన చోటి విత్తనమే కొనడం ముఖ్యం. కోస్తా జిల్లాల్లో ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులు పెంచే వారికీ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

గుర్తించే పద్ధతులు

శిలీంధ్రం ఆరోగ్యంగా కనిపించినా వైరస్ ఉండవచ్చు కాబట్టి కంటితో చూసి చెప్పలేం. శిలీంధ్రజాలాన్ని నూరి, సెల్యులోజ్ పొడి సాయంతో ద్విపోచ ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, జెల్ మీద పట్టీలుగా చూడటం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. వైరస్ లేని శిలీంధ్రంలో ఆ పట్టీలు కనిపించవు. ఇప్పుడు శిలీంధ్రంలోని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని ఒకేసారి చదివే యంత్రాలతో ఒక్క నమూనాలోనే అనేక కొత్త వైరస్‌లు బయటపడుతున్నాయి.

వైరస్ కనిపించినంత మాత్రాన ప్రభావం రుజువైనట్లు కాదు. ఒకే తెగ శిలీంధ్రంలో వైరస్ ఉన్న రూపం, లేని రూపం రెండూ చేతిలో ఉండాలి. ఒంటరి సిద్ధబీజాల నుంచి పెంచడం, తంతువు కొనను కోసి పెంచడం, రసాయనాలు వాడటం ద్వారా వైరస్‌ను తొలగిస్తారు. రెండు రూపాలనూ అదే రకం మొక్కకు ఎక్కించి తెగులు తీవ్రతను పోలుస్తారు. వైరస్‌ను తిరిగి ఎక్కించినప్పుడు లక్షణం తిరిగి వస్తేనే నింద వైరస్ మీద నిలుస్తుంది.

ఎర్ర కుళ్ళుకు వర్తింపు

పై ఉదాహరణల నుంచి ఎర్ర కుళ్ళు విషయంలో తేల్చాల్సిన ప్రశ్నలు స్పష్టంగా బయటికొస్తాయి. మొదటిది, మన తోటల్లోని శిలీంధ్ర తెగల్లో తీవ్రత తగ్గించే వైరస్ ఉందా? రెండోది, ఆ తెగలు ఎన్ని అనుకూల సమూహాలుగా విడిపోయి ఉన్నాయి? మూడోది, వైరస్ కొనీడియాల్లోకి ఎంత శాతం వెళ్తుంది? నాలుగోది, వైరస్ సోకిన శిలీంధ్రం పొలంలో తగినంత కాలం బతికి, తీవ్ర తెగను కలుసుకోగలుగుతుందా? నాలుగోది చాలాసార్లు పట్టించుకోని ప్రశ్న. వైరస్ శిలీంధ్రాన్ని మరీ బలహీనపరిస్తే అది తీవ్ర తెగతో పోటీపడలేక కనుమరుగవుతుంది, వైరస్ కూడా దానితో పోతుంది. తగుమాత్రంగా బలహీనపరిచే వైరసే పొలంలో నిలుస్తుంది.

ఎర్ర కుళ్ళులో ఒక అనుకూలత ఉంది. ఈ శిలీంధ్రపు లైంగిక దశ పొలంలో అరుదు, వ్యాప్తి అంతా కొనీడియాల ద్వారా, ముచ్చెల ద్వారానే. వైరస్‌ను వదిలించుకునే ప్రధాన ద్వారం లైంగిక బీజాలే కాబట్టి, ఆ ద్వారం దాదాపు మూసి ఉన్న శిలీంధ్రంలో వైరస్ నిలిచే అవకాశం మెరుగు. ప్రతికూలత కూడా ఉంది. చెట్టు బెరడు మీది పుండు ఏళ్ల తరబడి ఉంటుంది, దానికి చికిత్స చేయడానికి వ్యవధి ఉంటుంది. చెరకు ఏడాది పంట, శిలీంధ్రం గడ లోపల ఉంటుంది, పుండు పైకి కనిపించేసరికి ఆ గడ పోయినట్లే. కాబట్టి ఇక్కడ చెట్టు చెట్టుకూ చికిత్స కుదరదు. ముచ్చెల దశలోనో, నేలలో మిగిలిన మోళ్ల దశలోనో వైరస్‌ను ప్రవేశపెట్టే విధానం కావాలి.

చెరకు పరిశోధనా కేంద్రాలు కొత్త రకాల నిరోధకతను పరీక్షించడానికి వివిధ ప్రాంతాల ఎర్ర కుళ్ళు తెగలను సేకరించి, సజీవంగా భద్రపరుస్తాయి. వైరస్ అన్వేషణకు ఇంతకన్నా మంచి నిధి లేదు. తెగులు బలహీనంగా ఉన్న నమూనాలను పనికిరానివిగా పారేయకుండా, ముందుగా వాటిలోనే ద్విపోచ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతకాలి. బిరాగీ కంటపడింది చచ్చిన చెట్టు కాదు, మానుతున్న పుండు. అనకాపల్లి వంటి కేంద్రాల్లో వ్యాధి విభాగం చేసే ప్రతి సేకరణలోనూ ఈ పరీక్ష భాగం కావడం అవసరం.

ప్రస్తుత స్థితి

పొలంలో, అడవిలో విస్తృతంగా ఫలితమిచ్చిన శిలీంధ్ర వైరస్ నేటికీ చెస్ట్‌నట్ హైపోవైరస్ ఒక్కటే. స్క్లెరోటీనియా వైరస్ పొలాల్లో పరీక్షల దశకు చేరింది. మిగతావి ప్రయోగశాలల్లో ఉన్నాయి. శిలీంధ్ర వైరస్‌లు మొక్కలకూ సోకవచ్చన్న కొత్త ఆధారాల దృష్ట్యా, ఏ వైరస్‌నైనా విడుదల చేసే ముందు పంట మీద, నేలలోని మేలు చేసే శిలీంధ్రాల మీద దాని ప్రభావాన్ని పరీక్షించాలి.

చెరకు రైతుకు ఈనాడు నమ్మదగిన రక్షణ పాతదే. తెగులు తట్టుకునే రకం ఎంచుకోవాలి. ఆరోగ్యమైన తోట నుంచే ముచ్చెలు తీసుకోవాలి, కోసినప్పుడు ఎరుపు కనిపించిన గడను విత్తనానికి వాడకూడదు. ముచ్చెలను శుద్ధి చేసి నాటాలి. తెగులు సోకిన దుబ్బును వేళ్లతో సహా తీసి కాల్చివేయాలి. ఆ తోటను కార్శికి వదలకుండా వరితో పంట మార్పిడి చేయాలి.